నోటుబుక్కులో పదకొండో పేజీ

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి శుభవార్త వచ్చింది. ఆ టైము ఐలీని తర్వాత తన పుస్తకంలో రాసుకుంది. ఎందుకంటే ఆ ఇంట్లో సంతోషం సరిగ్గా ఇరవై నిమిషాలు బతికింది.

అప్పటికి ఆమె కేసు పని మీద లేదు. సియేని కొకో షెడ్డులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పెద్ద కప్పులో వేడి కొకో ఊదుకుంటూ తాగుతోంది. పెళ్లయి పదకొండు రోజులు. బేకరీ నడిపే మొగుడు లోకెని "కొకో దిమ్మలు అయిపోయాయి" అంటే, తన విచారణల ఆఫీసుకు తాళం వేసి, నేను తెస్తానని రాజధాని ఆపియా నుంచి గంటన్నర బస్సులో వచ్చింది. అతను కట్టిచ్చిన కొబ్బరిపాల బన్నులు రెండు ఒళ్లోని సంచీలో ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒకటి ఇప్పుడే తినాలా, బస్సులో తినాలా అన్నదే ఆ పొద్దున ఆమెకున్న పెద్ద సమస్య.

"వచ్చింది! ఆక్లాండ్ నుంచి వచ్చింది!"

సియేని ఫోను పైకెత్తి పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. యాభై రెండేళ్ల మనిషి. మోచేతుల దాకా వేయించిన గింజల పొట్టు.

"పన్నెండు షాపుల్లో పెడతారట, మన కొకో! శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మన వెబ్‌సైట్ తెరిచి చూస్తారట. అది ఉంటే సంతకం చేస్తారు. లేకపోతే వరసలో తర్వాతి వాళ్లని పిలుస్తారు."

"ఉండకేం అక్కా. అందుకేగా నన్ను పెట్టుకున్నావు," అన్నాడు ఎతువాలే, పీపా మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్ తెరుస్తూ. వెబ్‌సైట్లు చేసే కుర్రాడు. ముగ్గురిని పిలిచి మాట్లాడాక సియేని ఎంచుకున్నది ఇతన్నే. అసలు పని మొదలుపెట్టేది ఈరోజే.

పక్కనున్న గోడల్లేని ఇంట్లోంచి సియేని అత్తగారు పెనినా మామ్మ గొంతెత్తి భజన పాట అందుకుంది. ఎనభై రెండేళ్లు. కాళ్లు కదలక మంచం దిగదు.

"మా అత్తమ్మకేమయిందో, ఆదివారం నుంచి ఒకటే పాటలు," అంది సియేని నవ్వుతూ. "నిన్న కొత్త గౌను కుట్టించమంది. ఎవరి పెళ్లికీ అంటే చెప్పదు."

ఐలీని కూడా నవ్వింది. ఇంకో బన్ను మిగులుతుందిలే అనుకుని మొదటిది బయటికి తీసింది.

తొమ్మిదిన్నరకు ఎతువాలే తల ఎత్తాడు. అతని ముఖంలో రంగు లేదు.

"అక్కా, పేరు మనది కాదంటోంది."

"ఏ పేరు?"

"వెబ్‌సైట్ పేరు. 'ఫిలిపో కొకో' అని మీ ఆయన కొనిపెట్టినది. ఎవరో తమ పేరు మీదకి మార్చేసుకున్నారు. శనివారం మనం పెట్టిన పేజీ కూడా లేదు."

"నిన్న పేజీ తెరుచుకోకపోతే సిగ్నల్ లేదనుకున్నాన్రా..." సియేని గింజల బస్తా మీద కూలబడింది. ఫోను చేతిలోంచి జారి పొట్టులో పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

ఏం పోయిందో ఐలీనికి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ల కిందట ఫిలిపో చేపలకని పడవేసుకుని వెళ్లాడు. పగడపు దిబ్బ అవతల ఖాళీ పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటి నుంచి అతని పేరు వేసిన కాగితం చుట్టి, ఒక్కో దిమ్మా తన చేత్తో కట్టి అమ్ముతోంది సియేని. ఊళ్లో ముప్పై ఇళ్లవాళ్లు ఆమెను నమ్ముకుని టారో దుంపలు పీకేసి కొకో మొక్కలు వేశారు. ఆ మొక్కలు ఈ ఏడే కాపుకొచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ పేరు తిరిగి రాకపోతే ఆ గింజలు ఎక్కడికీ పోవు.

"ఆ పేరు అమ్మిన కంపెనీవాళ్లు ఉత్తరమేమైనా పంపారా?" అడిగింది ఐలీని.

ఎతువాలే వెతికాడు. ఫిలిపో పాత మెయిల్ పెట్టెలో, చెత్తలో కలిసిపోయి ఉంది. మూడే వాక్యాలు. 'మీ కోరికపై ఈ పేరు మరొకరికి బదిలీ అయింది. 47తో ముగిసే నంబరుకు పంపిన ఓటీపీతో ధ్రువీకరించాం. శనివారం ఉదయం 10:40.'

ఐలీని బన్నును మళ్లీ కాగితంలో చుట్టి సంచీలో పెట్టింది.

"అక్కా, కుర్రాణ్ని పెట్టుకునే ముందు నువ్వు ఏమేం సిద్ధం చేశావో మొదటి నుంచీ చెప్పు."

సియేని లేచి, గూట్లోంచి నీలం అట్ట నోటుబుక్కు తెచ్చింది. చిన్న వ్యాపారాల ఆడవాళ్లకి ఆపియాలో పెట్టిన మూడు రోజుల క్లాసులో చెప్పినవన్నీ అందులో రాసింది. మొదటి పేజీలో మన కొకో ఎవరు కొంటారు. మూడో పేజీలో మనకు నచ్చిన వెబ్‌సైట్లు. ఐదో పేజీలో పెట్టవలసిన ఫొటోలు. ఏడో పేజీలో వెబ్‌సైట్ పేరు, అది ఎవరి పేరు మీద ఉంది, పాస్‌వర్డ్. పదకొండో పేజీ పైన 'వ్యాపారం మొదలుపెట్టిన మనిషి గురించి నాలుగు మాటలు' అని ఉంది. కింద ఏమీ లేదు.

"ఇది ఖాళీగా ఉందేం?"

"చాలాసార్లు కూర్చున్నానే. ఒక్క వాక్యం రాశానంటే ఆయన నిజంగా పోయినట్టయిపోతుంది. చేతకాలేదు."

ఐలీని పేజీ వెనక్కి తిప్పింది. "ఈ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?"

సియేని తల దించుకుంది. "అందరికీ."

"అందరికీ అంటే?"

"కుర్రాణ్ని పెట్టుకోవడమంటే ఇంటి పేరుతో చేసే పని కదా. కుటుంబ సభ పెట్టాం. పుస్తకం మొత్తం పైకి చదివాను. ఒక్క పేజీ దాటేసినా 'మా దగ్గర దాస్తోంది' అంటారు. పాస్‌వర్డ్ కూడా చదివాను. వెనక కూర్చున్న చిన్నాయన వినపళ్లేదంటే రెండోసారి చదివాను. తర్వాత పాస్టరుగారు దాని మీద ప్రార్థన చేశారు."

"ఎంతమంది?"

"నలభై మంది దాకా. పిల్లల్ని లెక్కెయ్యలేదు."

ఐలీనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నలభై మంది ప్రార్థించిన రహస్యం! పాస్‌వర్డ్ వైపు నుంచి వెళితే దారి లేదు. మిగిలింది ఓటీపీ ఒక్కటే.

"నలభై ఏడుతో ముగిసే నంబరు ఎవరిది?"

సియేని జవాబు చెప్పేలోపు పోలీసు జీపు వచ్చి ఆగింది.

సార్జెంట్ ఫెరెటిది ఆ ఊరే. ఎవరో ఫోను చేసి చెప్పారు. పది పదిహేనుకి షెడ్డులో అడుగుపెట్టి, పది ఇరవైకి ఎతువాలే భుజం మీద చెయ్యి వేశాడు.

"శనివారం పొద్దున పదీ నలభైకి ఎక్కడున్నావురా?"

"ఇక్కడే, సార్. ఫొటోలు తీస్తున్నాను."

"ఎవరి ఫోనుతో?"

"అక్క ఫోనుతో. నా దానికి కెమెరా పగిలింది."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. అక్క గింజలు ఎండబెడుతోంది."

"విన్నారా?" ఫెరెటి సియేని వైపు తిరిగాడు. "పాస్‌వర్డ్ వీడికి తెలుసు. ఫోను వీడి చేతిలో ఉంది. ఆ గంటలోనే పేరు ఎగిరిపోయింది. పోటీ కంపెనీ ఎవడో వీణ్ని కొనేశాడు. లే, బండెక్కు."

"ఒక్క నిమిషం సార్," అంది ఐలీని.

ఫెరెటి అప్పుడే చూసినట్టు చూశాడు. ఒకప్పుడు ఐలీని అతని స్టేషన్లోనే గుమాస్తా. అతని కేసు ఒకటి తప్పని తేల్చి బయటికొచ్చింది.

"కొత్త పెళ్లికూతురా! నీకిక్కడేం పని? ఇంటికెళ్లి మొగుడికి వండిపెట్టుకో."

"వండేది ఆయన సార్. నేను తినేదాన్ని. ఓటీపీ వెళ్లిన నంబరు చివర నలభై ఏడు. అక్క నంబరు చివర పన్నెండు. అక్క ఫోను వీడి చేతిలో ఉంటే ఏం, లేకపోతే ఏం?"

"ముందే నంబరు మార్చేసుంటాడు. నలభై ఏడు వీడి తోడుదొంగది."

"కాదు," అంది సియేని. గొంతు ఎక్కణ్నించో వచ్చింది. "నలభై ఏడు ఫిలిపోది."

పక్కింట్లో మామ్మ పాట ఆగింది.

ఫెరెటి ముందు తేరుకున్నాడు. "ఆ ఫోను ఆయనతోపాటే మునిగిపోయిందమ్మా. ఆ రిపోర్టు రాసింది నేనే. పడవ ఉంది, తెడ్డు ఉంది, వల ఉంది. మనిషీ లేడు, ఫోనూ లేదు. ఆ నంబరు కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేసుంటారు."

"సరే సార్, ఇంకో సంగతి," అంది ఐలీని. "ఎతువాలే, ఆ పేజీ ఎప్పుడు పెట్టావు?"

"శనివారం సాయంత్రం నాలుక్కి. 'త్వరలో వస్తున్నాం' అని ఒక్క పేజీ."

"పొద్దున పదీ నలభైకే పేరు పోతే, సాయంత్రం నాలుక్కి అదే పేరు మీద పేజీ ఎలా పెట్టాడు సార్?"

"పెట్టానని చెబుతున్నాడు. నువ్వు చూశావా?"

"నేను చూశాను," అంది సియేని. "చూసి బంధువులందరికీ పంపాను." పొట్టులోంచి ఫోను తీసి తుడిచి చూపించింది. సముద్రం అవతల పక్క దీవిలో, పాగో పాగోలో ఉండే చిన్నాడపడుచు దగ్గర నుంచి శనివారం సాయంత్రం ఆరింటికి జవాబు ఉంది. 'పేజీ చూశాం వదినా. అన్నయ్య మొహం చూసి ఇక్కడందరం ఏడ్చాం. ఫ్యాక్టరీలో అందరికీ చూపిస్తున్నా.'

"అయితే ఆ ఉత్తరంలో టైము తప్పు," అన్నాడు ఫెరెటి విసుగ్గా.

"టైము తప్పు కాదు సార్. రోజు వేరు." ఐలీని ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. ఉత్తరం అడుగున సన్నటి అక్షరాల్లో కంపెనీ చిరునామా ఉంది. పాగో పాగో. "నా పెళ్లి ఆపియాలో శుక్రవారం అయింది. ఆ సాయంత్రమే మా అమ్మ దగ్గరికని విమానమెక్కాం. అరగంటలో పాగో పాగోలో దిగితే అక్కడ గురువారం. పెళ్లికి ముందురోజు మొగుడితో వచ్చావేమిటే అని మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి ఏడిపించింది. ఒక్క రాత్రి గడిపి, నా పెళ్లిరోజు రెండోసారి జరుపుకున్నాం." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఇంత వెలుగు వచ్చి, సియేని ముఖం చూడగానే ఆరిపోయింది. "తేదీ మారే గీత ఈ రెండు దీవుల మధ్య నుంచే పోతుంది సార్. మనకీ వాళ్లకీ గడియారం ఒకటే. రోజు మాత్రం ఒకటి తేడా. వాళ్ల శనివారం పదీ నలభై అంటే మన ఆదివారం పదీ నలభై. ఆదివారం ఆ టైముకి ఎతువాలే ఎక్కడున్నాడు సార్?"

"చర్చిలో," అన్నాడు ఎతువాలే నెమ్మదిగా. "పాటలవాళ్లతో, రెండో వరసలో. మీ పక్కనే సార్."

"నాకు తెలుసురా, నా చెవిలోనేగా తప్పు పాడావు!" అని అరిచాడు ఫెరెటి. కానీ చెయ్యి భుజం మీద నుంచి తియ్యలేదు. "అయినా స్టేషన్‌కి రావాలి. ఆ ఓటీపీ అందుకున్నవాణ్ని నా ముందు నిలబెట్టు. అప్పుడు వదులుతాను. సాయంత్రందాకా నీకు టైము."

"ఆదివారం చర్చి టైములో రోడ్డు మీద కనిపిస్తే ఊరి పెద్దలు ఊరుకుంటారా సార్? అందుకున్నవాళ్లు ఎవరో గానీ ఇంట్లోనే ఉండి ఉంటారు."

"చచ్చిపోయినవాడి ఫోను వెతకడానికి సముద్రంలో దిగుతావా? దిగు. నా రిపోర్టు మీద మాత్రం చెయ్యి వెయ్యకు."

జీపు వెళ్లిపోయింది. ఎతువాలే వెనక సీట్లోంచి ల్యాప్‌టాప్ వైపే చూస్తూ వెళ్లాడు.

సియేని ఏడవలేదు. అది చూసే ఐలీనికి భయం వేసింది. సియేని లేచి, నిప్పుల మీద మాడిపోతున్న గింజల్ని కలియబెట్టడం మొదలుపెట్టింది. అవి ఎందుకూ పనికిరావని ఇద్దరికీ తెలుసు.

"వదిలెయ్యవే ఐలీనీ. నలభై మందిలో ఎవరని అడుగుతావు? అందరూ మావాళ్లే. తీసుకున్నవాళ్లు దొరికినా నాకు మిగిలేదేముంది?"

"ఒక్కటి చెప్పు అక్కా. ఆ పేజీలో ఏమేం పెట్టారు?"

"ఏముంది? పైన పేరు. కింద ఫిలిపో ఫొటో, ఇంత పెద్దది. పుస్తకంలో ఫొటోల పేజీలో మొట్టమొదట రాసింది అదే."

"ఇంకేం లేదా?"

"లేదు."

ఐలీని ఆ మాట తన పుస్తకంలో రాసుకుని, దాని కిందే టైములు రాసింది. శనివారం నాలుక్కి ఆ ఫొటో బయటికి వచ్చింది. ఆరింటికల్లా పాగో పాగోలో ఫ్యాక్టరీ అంతా చూస్తోంది. ఆదివారం పదీ నలభైకి మాయమైంది. ఇన్నేళ్లు ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు. ఎక్కడా అమ్మకానికి పెట్టలేదు, ఇంత ఇవ్వండి అని ఎవరూ అడగలేదు. దొంగకి పేరు అక్కర్లేదేమో? ఆ ఫొటో పోవడమే కావాలేమో?

ఆ ఆలోచనను అక్కడే ఆపేసింది.

"ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అందరం చర్చికెళ్లాం."

"మామ్మ?"

"అత్తమ్మ ఎప్పుడూ ఉంటుంది," అంది సియేని, ఉట్టి మీద కుండ ఎప్పుడూ ఉంటుందన్నట్టు.

పెనినా మామ్మ ఇంటికి నాలుగు వైపులా స్తంభాలు, ఒక వైపు మాత్రం దించిన కొబ్బరాకు తెర. మంచం, మంచం పక్కన బల్ల, బల్ల మీద బైబిలు, పాటల పుస్తకం, మూత పెట్టిన కప్పు. ఐలీని చూపు వీటి మీద ఆగలేదు. స్తంభానికి కొట్టిన కరెంటు బోర్డు దగ్గర ఆగింది. దీపం తీగ ఒకటి పైకి పోతోంది. రెండోది, సన్నటి తెల్ల తీగ, కిందికి దిగి చాప కిందకి దూరింది. చాప అంచు వెంట నడిచి, మంచం కోడు దగ్గర పైకి లేచి, దిండు కిందకి వెళ్లింది.

"రా తల్లీ, కూర్చో," అంది మామ్మ. కళ్లు మెరుస్తున్నాయి. షెడ్డులో అందరూ కుదేలైన పూట, ఆ ఇంట్లో ఆ ఒక్క మనిషి పండగలా ఉంది. "నువ్వు కొత్తగా పెళ్లయినదానివటగా. మంచివాడేనా?"

"మంచివాడే మామ్మా. రోజూ బన్నులు కట్టిస్తాడు. తింటావా?"

మామ్మ బన్ను తుంచి నోట్లో వేసుకుంది. "మావాడికీ ఇవంటే ప్రాణం."

"ఎవరికి?"

మామ్మ నమలడం ఆపింది.

"మామ్మా, ఆ దిండు కింద ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి కరెంటెందుకు మామ్మా?"

మామ్మ స్తంభాల మధ్య నుంచి సముద్రం వైపు చూసింది. షెడ్డు నుంచి మాడిన గింజల వాసన వస్తోంది.

"ఆ రోజు వాడు దీన్ని మర్చిపోయి వెళ్లాడు," అంది. దిండు కిందకి చెయ్యి పెట్టి పాత బటన్ల ఫోను తీసింది. అరిగిపోయి బటన్ల మీద అంకెలు సగం లేవు. "పోలీసులు అడిగితే లేదన్నాను. ఇచ్చేస్తే వాడు ఎక్కడికి ఫోను చేస్తాడు? మూడేళ్లు చార్జింగు పెడుతూనే ఉన్నాను. పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోయిన రోజు నిద్రపోయేదాన్ని కాదు."

"ఆదివారం మోగింది కదూ?"

మామ్మ నవ్వింది. "చర్చిలో మొదటి పాట అయిపోయింది. ఇక్కడికి వినిపిస్తుందిగా. అప్పుడు మోగింది. తీస్తే, 'అమ్మా' అన్నాడు."

"గొంతు అలాంటిదే ఇంకెవరిదైనా అయ్యుండొచ్చు మామ్మా."

"ఎనిమిది మందిని కన్నాను. గొంతులు నాకు నేర్పుతావా? చిన్నప్పుడు కొకోలో ఉప్పేసి ఇచ్చినందుకు వాణ్ని ఎందుకు కొట్టలేదో అడిగాను. ఆ సంగతి నాకూ వాడికే తెలుసు. చెప్పాడు." బన్ను ముక్క అరచేతిలో నలిగిపోతోంది. "ఫోనుకి అంకెలొస్తాయి చదువు అన్నాడు. ఆరు అంకెలు. చర్చిలో పాట నంబరు చదివినట్టు చదివాను. రెండుసార్లు చదివించుకున్నాడు. సియేనికి చెప్పకన్నాడు. తన ఫొటో అందరికీ కనిపిస్తే తన బతుకు పోతుందన్నాడు. అక్కడ వేరే పేరట వాడికి. వేరే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఐలీని ఫోను తెరిచింది. ఆదివారం 10:35కి పాగో పాగో నంబరు నుంచి కాల్, తొమ్మిది నిమిషాలు. 10:38కి ఆరు అంకెల మెసేజ్. 10:40కి పేరు పోయింది. టైములన్నీ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి. ఇన్నేళ్ల పనిలో ఇంత శుభ్రంగా తేలిన కేసు ఆమెకు లేదు. ఇంత తేల్చకుండా ఉంటే బావుండునని అనుకున్న కేసు కూడా లేదు. పదకొండు రోజుల కిందట దండ వేసుకున్న తన మెడను తెలియకుండానే తడుముకుంది.

"మామ్మా, ఈ సంగతి సియేని అక్కకి ఎలా చెప్పాలి?"

"చెప్పకు," అంది మామ్మ. "దానికి వాడు పోయాడు. నాకు వచ్చాడు. అలాగే ఉండనీ."

వెనక అడుగుల చప్పుడైంది. సియేని, రెండు చేతుల్లో రెండు కప్పుల కొకోతో. ఏం విన్నదో తెలియదు. ఆమె చూపు మాత్రం ఐలీని చేతిలోని ఫోను మీద ఉంది. దాని వెనక గీరిన ఎఫ్ అక్షరం ఆమెకు తెలుసు. ఆమె కళ్లముందే కత్తితో గీసుకున్నాడతను.

సరిగ్గా అప్పుడే అది మోగింది.

ఐలీని ఆపేలోపు సియేని కప్పులు కింద పెట్టి, ఫోను లాక్కుని బటన్ నొక్కింది. మామ్మకి వినపడాలని గొంతు పూర్తిగా పెంచి ఉంది. గోడల్లేని ఇల్లంతా నిండిపోయింది ఆ గొంతు.

"అమ్మా? నేనే. ఎవరైనా వచ్చి అడిగారా?"

సియేని ఫోను చెవికి అదుముకుంది.

"వినపడుతోందా అమ్మా? ఈ ఫోను ఎవరికీ దొరక్కుండా సముద్రంలో వేయించెయ్. నేనిక్కడ ఉండటం లేదు. మంగళవారం సాయంత్రం ఓడెక్కేస్తున్నా. ఇక చెయ్యను. అమ్మా?... ఎవరది?"

లైను తెగిపోయింది.

మామ్మ దిండు మీదకి ఒరిగి కళ్లు మూసుకుంది. పాట లేదు. ఐలీని చెయ్యి చాపితే సియేని ఫోను ఇవ్వలేదు. రెండు చేతులతో పొట్టకేసి పట్టుకుంది.

"మూడేళ్లు," అంది. "మూడేళ్లు వాడి పేరు కాగితానికి అంటించాను. ఎంగిలితో అంటించాను, జిగురు లేనప్పుడు." ఫోను వైపు చూసి, "మంగళవారం సాయంత్రం అన్నాడు. ఇవాళేగా మంగళవారం. అయిపోయింది. వెళ్లిపోతాడు. పేరూ పోతుంది, మనిషీ పోతాడు. ఇంక నా దగ్గర ఏడవడానికి కూడా ఏమీ లేదే."

"అయిపోలేదక్కా." ఐలీని గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇక్కడ మంగళవారం. అక్కడింకా సోమవారమే. రేపు పొద్దున ఎనిమిదింటి విమానమెక్కితే, దిగేసరికి అక్కడ మంగళవారం ఎనిమిదిన్నర. ఓడ సాయంత్రం. అతను సంతకం పెడితే పేరు అక్కడే మార్చేస్తారు, కంపెనీ ఆ ఊళ్లోనే ఉంది. పొద్దు పోయేలోగా ఈ ఫోను ఫెరెటి ముందు పెట్టి ఎతువాలేని విడిపిస్తాను. తన రిపోర్టు తప్పని తెలిస్తే అతను నన్ను విమానమెక్కకుండా ఆపాలని చూస్తాడు. చూడనీ. నేను వెళతాను."

"వెళతాం," అంది సియేని.

"అక్కా, అక్కడ అతనింట్లో ఎవరెవరు ఉన్నారో మనకి తెలియదు. నువ్వు చూడలేవు."

సియేని షెడ్డులోకి వెళ్లి, నీలం అట్ట నోటుబుక్కు తెచ్చి, పదకొండో పేజీ దగ్గర మడత పెట్టి సంచీలో వేసుకుంది. దాని పక్కనే పెన్ను పెట్టింది.

"రెండు టిక్కెట్లు తీసుకో. ఇది నాకు రాయడం చేతకాలేదు. రేపు వాడి చేత రాయిస్తాను."